పలక తిరిగితే బొమ్మ తిరిగింది

ఈ ప్రత్యేక సంచికకు ఒక చరిత్ర వ్యాసం పంపవలసిందని సంపాదకవర్గంవారు కోరినప్పుడు, నేను ఎలగందుల ఖిల్లా గురించో నిర్మల్ శ్యాంగఢ్ గురించో రాస్తానని వారు అనుకొని ఉంటారు. ఆ కోటల మీద మనవాళ్లు ఇదివరకే చాలా రాశారు. ఇటీవల సంఘ కార్యాలయానికి వచ్చే సభ్యులు ఎక్కువగా అడుగుతున్న ప్రశ్న వేరే ఉంది. "సారూ, మనుమడు టాబ్లెట్ కొనిచ్చిండు. దాంట్ల ఫోటో తీస్తే అడ్డంగా పడుతది, తిప్పితే అది మళ్లీ తిరుగుతది. ఏం చేయాలె?" ఇది చిన్న ప్రశ్నే. కాని దీని వెనుక నూటెనభై ఏళ్లకు పైబడిన చరిత్ర ఉంది, అందులో మన ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలకూ కొంత భాగం ఉంది. కనుక ఈసారి కోటలను పక్కన పెట్టి ఈ సంగతే రాస్తున్నాను. పాఠకులు మన్నించగలరు.

బొమ్మకు నిలువు, అడ్డం అనే భేదం మనవారికి కొత్త కాదు. పటం కథ చూసినవారు మనలో ఇంకా ఉన్నారు. సిరిసిల్ల వైపు పద్మశాలీల వాడల్లో కూనపులివారు వచ్చి మార్కండేయ పురాణం చెప్పేవారు. మాదిగలకు డక్కలివారు జాంబ పురాణం చెప్పేవారు. ఆ పటాలు రాసినవారు నకాషీలు. చేర్యాల నకాషీల పేరు ఇప్పుడు దేశమంతా తెలుసు. ఖద్దరు గుడ్డకు గంజి, సుద్ద, చింతగింజల జిగురు పట్టించి, ఆరిన తరువాత దానిమీద బొమ్మలు రాసేవారు. వెడల్పు సుమారు మూడడుగులు, పొడవు మాత్రం పదుల అడుగులు. అంత పొడుగు పటాన్ని ఒకేసారి విప్పి చూపడం సాధ్యం కాదు గనుక చుట్టగా చుట్టి, కథ నడిచిన కొద్దీ ఒక్కొక్క వరుసను విప్పేవారు. పటం మొత్తం నిలువు, అందులోని ప్రతి వరుస అడ్డం. నేడు పిల్లలు టాబ్లెట్ మీద వేలుతో బొమ్మలను పైకి జరుపుతూ "స్క్రోల్" చేస్తున్నామంటారు. ఆ మాటకు అర్థం చుట్ట అనే. పటం కథకుడు చేసిన పని కూడా అదే. ఒక తేడా మాత్రం ఉంది. పటాన్ని ఎటు పట్టుకోవాలో కథకుడికి తెలుసు, పటానికి తెలియనవసరం లేదు.

ఆ తరువాత కెమెరా వచ్చింది. 1839లో ఫ్రాన్సులో దగేర్ పద్ధతి బయటపడిన కొద్ది కాలానికే అది మన దేశానికి చేరింది. మొదటి నుంచీ కెమెరాలో బొమ్మ తలకిందులుగానే పడుతుంది. చీకటి గదికి చిన్న రంధ్రం ఉంటే బయటి చెట్టు ఎదుటి గోడమీద తలకిందులుగా కనపడటం చిన్నప్పుడు ఎందరో చూసి ఉంటారు. కాంతి సూటిగా పోతుంది గనుక పైనున్నది కిందికి, కిందున్నది పైకి, కుడి ఎడమకు, ఎడమ కుడికి వస్తాయి. కటకం పెట్టినా అంతే.

హైదరాబాద్ రాజ్యంలో ఫోటోగ్రఫీ అనగానే రాజా దీన్ దయాళ్ పేరు చెప్పుకోవాలి. 1844లో మీరట్ దగ్గర సర్ధనాలో పుట్టి, రూర్కీలో ఇంజనీరింగ్ చదివి, ఇండోర్‌లో ప్రజాపనుల శాఖలో నౌకరీ చేసిన మనిషి. అంటే ఆయన కూడా మనవలె సర్కారు ఉద్యోగే. తరువాత ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ వద్ద ఆస్థాన ఫోటోగ్రాఫర్ అయ్యాడు. సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టాడు. పరదా పాటించే స్త్రీల కోసం హైదరాబాద్‌లో ప్రత్యేకంగా జనానా స్టూడియో కూడా నడిపించాడు. ముసవ్విర్ జంగ్ అనే బిరుదు పొంది 1905లో కాలం చేశాడు. ఆయన కాలం నాటి కెమెరా పెద్ద చెక్కపెట్టె. దానిని మూడు కాళ్ల పీట మీద నిలిపి, నల్లగుడ్డ కప్పుకొని, వెనుక గరుకు గాజుమీద బొమ్మను చూసేవారు. నవాబుగారు ఆ గాజుమీద తలకిందులుగా కూర్చొని కనపడేవారు! ఫోటోగ్రాఫర్ కంటికి అది అలవాటు. ఒక్క మనిషిని తీయాలంటే గాజుపలక నిలువుగా, దర్బారునంతా తీయాలంటే అడ్డంగా పెట్టాలి. అంత బరువైన పెట్టెను పడుకోబెట్టలేరు గనుక వెనుకనున్న చట్రాన్ని మాత్రమే తిప్పుకొనే ఏర్పాటు ఉండేది. తిప్పవలసింది పెట్టెనా, పలకనా అన్న ప్రశ్న అప్పుడే పుట్టిందన్న మాట.

1925లో జర్మనీలో లైకా కెమెరా అమ్మకానికి వచ్చింది. అది చేతిలో ఇమిడేది. సినిమా ఫిలిం చుట్టనే వాడి, 24 మిల్లీమీటర్లకు 36 మిల్లీమీటర్ల బొమ్మ తీసేది. మామూలుగా పట్టుకుంటే బొమ్మ అడ్డం, కెమెరాను నిలబెట్టి పట్టుకుంటే నిలువు. ఆనాటి నుంచి నేటి ఫోను దాకా ఈ అలవాటే నడుస్తోంది. మన ఊళ్ల స్టూడియోవాళ్లు మాత్రం చాలాకాలం రెండు కటకాల పెట్టె కెమెరాలనే నమ్ముకున్నారు. దానిలో బొమ్మ చతురస్రం, రీలుకు 12 బొమ్మలు, నిలువు అడ్డం గొడవే లేదు. మధ్యతరగతి ఇళ్లలో ఉండిన ఆగ్ఫా క్లిక్ కెమెరాలోనూ అంతే. స్టూడియో పెట్టెలో పైనుంచి తొంగి చూస్తే బొమ్మ తిన్నగానే కనపడేది గాని, కుడి ఎడమలు తారుమారై కనపడేవి. గ్రూపు ఫోటో తీసేటప్పుడు ఫోటోగ్రాఫర్ "కొంచెం ఇటు జరగండి సార్" అని ఒక్కోసారి రెండోవైపు చెయ్యి చూపి, వెంటనే సర్దుకోవడానికి కారణం అదే. పదవీ విరమణ సభల గ్రూపు ఫోటోలు ఇళ్లలో భద్రంగా ఉన్నవారికి ఆ దృశ్యం గుర్తుండే ఉంటుంది.

ఇక్కడ ఆదిలాబాద్ సంగతి ఒకటి చెప్పాలి. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీము మరణించిన తరువాత, గోండుల స్థితిగతులను పరిశీలించడానికి నిజాం ప్రభుత్వం క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్-హైమండార్ఫ్ అనే ఆస్ట్రియా దేశపు మానవశాస్త్రవేత్తను నియోగించింది. ఆయన 1941 నుంచి భార్య బెట్టీ ఎలిజబెత్‌తో కలిసి మార్లవాయిలో గుడిసె వేసుకొని ఉన్నాడు. ఆ ఊరు ఇప్పుడు కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలో ఉంది. ఆయన తీసిన ఫోటోలు, సినిమా రీళ్లు లండన్‌లోని సోయాస్ అనే విద్యాసంస్థలో భద్రపరచి, ఫోటోలను కంప్యూటర్‌లోకి ఎక్కించి అందరికీ చూపుతున్నారు. బెట్టీ 1987లో హైదరాబాద్‌లో చనిపోతే మార్లవాయిలోనే సమాధి చేశారు. ఆయన 1995లో చనిపోయాడు. ఎనభై ఏళ్ల కిందటి తమ ఊరి బొమ్మలను ఈనాటి గోండు పిల్లలు అరచేతి తెరమీద చూడగలగడం గొప్ప సంగతి.

ఇటువంటి పాత నెగటివులను యంత్రంలో పెట్టి ఎక్కించేటప్పుడు రెండు ప్రమాదాలు ఉంటాయి. ఒకటి, బొమ్మ పక్కకు తిరగడం. ఇది చూడగానే తెలుస్తుంది, మనిషి గోడకు కాళ్లు తన్నిపెట్టినట్టు పడుకొని కనపడతాడు. రెండవది ప్రమాదకరమైనది. నెగటివ్‌ను బోర్లా పెడితే కుడి ఎడమలు మారిపోతాయి. మనుషులు తిన్నగానే నిలబడి ఉంటారు గనుక ఎవరికీ అనుమానం రాదు. చొక్కా జేబు చూసి పట్టుకోవాలి, అది తొడుక్కున్నవారి ఎడమవైపు ఉండాలి. చేతి గడియారం, పవిట కూడా సాక్ష్యమిస్తాయి. 1956కు ముందటి మన దఫ్తర్ల ఫోటోల్లో ఇంకొక చిక్కు ఉంది. బోర్డు ఉర్దూలో ఉంటుంది. ఉర్దూ కుడినుంచి ఎడమకు రాస్తారు. ఆ లిపి రానివారికి, బోర్డు తిరగబడి ఉన్నా తేడా తెలియదు. మన తరంలో ఉర్దూ మీడియంలో చదివినవారు కొద్దిమందే మిగిలారు. పాత ఫోటోలు ఎక్కించే పిల్లల పక్కన అటువంటి పెద్దమనిషిని ఒకరిని కూర్చోబెట్టుకోవడం మంచిది. ఇది ఊరికే చెప్పే మాట కాదు. ఫోటోలో పెద్దసారు కుడిపక్కన ఎవరు కూర్చున్నారో తరువాత తరాలవారు ఆ బొమ్మను చూసే తెలుసుకుంటారు.

ఇక కంప్యూటర్ తెర విషయం. టీవీ తెర అడ్డంగా ఉంటుంది గనుక కంప్యూటర్ తెర కూడా అడ్డంగానే వచ్చింది. అయితే 1973లో అమెరికాలో జిరాక్స్ కంపెనీవారు తయారుచేసిన ఆల్టో అనే కంప్యూటర్‌కు కాగితంవలె నిలువు తెర పెట్టారు. దఫ్తరు పని అంటే కాగితం పని, కాగితం నిలువుగా ఉంటుంది అన్నది వారి ఆలోచన. నోట్ ఫైళ్లు రాసిన మనకు అది సరైన ఆలోచన అనిపిస్తుంది. కాని లోకం ఆ దారిన పోలేదు.

ప్రసంగవశాత్తూ ఒక మాట. అప్పటి కరీంనగర్ జిల్లా వంగరలో పెరిగిన మన పి.వి. నరసింహారావు గారు అరవై ఏళ్లు దాటిన తరువాత కంప్యూటర్ నేర్చుకున్నారు. టైపు చేయడంతో ఆగక ప్రోగ్రాములు రాసేదాకా పట్టు వదలలేదు. "ఈ వయసులో మాకెందుకు" అనే సభ్యులు ఈ సంగతి గమనించగలరు.

డిజిటల్ కెమెరాలు వచ్చినప్పుడు పాత ప్రశ్న మళ్లీ తలెత్తింది. కెమెరాను నిలబెట్టి ఫోటో తీస్తే, లోపలి యంత్రానికి మాత్రం అది అడ్డం బొమ్మే. దీనికి ఏమి చేయాలి? బొమ్మనే తిప్పి దాచడం ఒక పద్ధతి. ఇంకొకటి, బొమ్మను ఉన్నదున్నట్టు దాచి, "దీనిని ఇటు తిప్పి చూడవలెను" అని పక్కన ఒక చీటీ రాసిపెట్టడం. రెండవదే గెలిచింది. టిఫ్ అనే ఫైలు పద్ధతిలో అటువంటి చీటీ ముందే ఉంది. 1995లో జపాన్ పరిశ్రమవారు ఎగ్జిఫ్ అనే పద్ధతిని ప్రకటించి, ఫోటోతోపాటు తేదీ, సమయం, కెమెరా పేరు, బొమ్మ ఎటు తిరిగి ఉన్నదన్న సంగతి రాసే ఏర్పాటు చేశారు. ఆ చీటీలో 1 నుంచి 8 దాకా ఒక అంకె ఉంటుంది. 1 అంటే తిన్నగా ఉంది. 3 అంటే తలకిందులు. 6 అంటే గడియారం ముల్లు తిరిగే దిక్కుకు పావు వంతు తిప్పి చూడాలి, 8 అంటే ఎదురు దిక్కుకు. మిగిలిన నాలుగూ అద్దంలో బొమ్మవలె కుడి ఎడమలు మారినవి.

రెవిన్యూ, సర్వే శాఖల్లో పనిచేసినవారికి ఇది వెంటనే అర్థమవుతుంది. గ్రామ నక్షా మీద ఉత్తర దిక్కు బాణం గుర్తు ఉంటుంది కదా. నక్షాను బల్లమీద ఎటు పరచినా ఆ బాణాన్ని చూసి మనం సరిచేసుకుంటాము. బాణం గుర్తును చూడకుండా హద్దులు చెప్పే మనిషి వస్తే ఏమవుతుంది? తూర్పు పొలంవాడి భూమి పడమటివాడికి పోతుంది. ఎగ్జిఫ్ చీటీ కూడా అటువంటి బాణమే. ఒక యాప్ ఆ చీటీని చదువుతుంది, బొమ్మ తిన్నగా కనపడుతుంది. ఇంకొక యాప్ చదవదు, లేదా పంపేటప్పుడు చీటీని చించి పారేస్తుంది, అదే బొమ్మ పక్కకు పడుకుంటుంది. "నా దగ్గర మంచిగనే ఉన్నది, వాళ్ల దగ్గర అడ్డం పడ్డది" అని మన సభ్యులు చెప్పేది అబద్ధం కాదు. రెండూ నిజమే.

తెరకు తానెటు తిరిగి ఉన్నదో తెలియడం మరొక మలుపు. 2007 జనవరిలో ఆపిల్ కంపెనీ చూపిన ఐఫోన్‌ను పక్కకు తిప్పగానే బొమ్మ కూడా తిరగడం చూసి జనం ముక్కున వేలేసుకున్నారు. దాని లోపల వెంట్రుకకన్నా సన్నని సిలికాన్ తునకలు ఉంటాయి. భూమి ఆకర్షణకు అవి ఏ పక్కకు వంగితే ఆ పక్క కింద అని యంత్రం గ్రహిస్తుంది. తాపీమేస్త్రీ గుండు దారం కట్టి గోడ నిలువు చూసినట్టే. 2010లో ఐపాడ్ టాబ్లెట్ వచ్చినప్పుడు దాని పక్కన తెర తిరగకుండా ఆపే చిన్న మీట పెట్టారు. అదే ఏడాది నవంబరులో కొత్త సాఫ్ట్‌వేర్‌తో ఆ మీటను చప్పుడు ఆపే మీటగా మార్చేశారు. పడుకొని చదువుకునేవారంతా గొడవ చేశారు. 2011 మార్చిలో, మీట దేనికి వాడుకోవాలో మీరే ఎంచుకోండి అని కంపెనీవారు దిగివచ్చారు. ఆ సంవత్సరమే అక్టోబరు 5న మన కేంద్ర ప్రభుత్వం విద్యార్థుల కోసం ఆకాశ్ అనే చౌక టాబ్లెట్‌ను విడుదల చేసింది. దానిని బిగించింది మన హైదరాబాద్‌లోనే. అది ఎక్కువకాలం నిలవలేదు గాని, మామూలు ఇళ్లలో "టాబ్లెట్ అంటే మందుబిళ్ల కాదు" అని తెలియడానికి అది కూడా ఒక కారణం.

పింఛనుదారులకు ఇందులో ఉన్న అసలు అవసరం ఏమిటో ఇప్పుడు మనవి చేస్తాను. మన కాలంలో పెన్షన్ పేమెంట్ ఆర్డరు పుస్తకం, దానిమీద భార్యాభర్తల జాయింట్ ఫోటో, ఏటేటా సబ్ ట్రెజరీకి స్వయంగా వెళ్లి బతికి ఉన్నామని చూపించుకోవడం, ఇంతే. 2014 నవంబరు 10న జీవన్ ప్రమాణ్ వచ్చి వేలిముద్రతోనో కంటిపాపతోనో ఆ పని జరిగింది. పొలం పనికీ సున్నం పనికీ అరిగిన వేళ్లకు ముద్రలు పడక కొందరు ఇబ్బంది పడ్డారు. 2021 నవంబరులో ముఖం చూసి గుర్తించే పద్ధతిని చేర్చారు. తెలంగాణ ప్రభుత్వ పింఛనుదారులకు టీ యాప్ ఫోలియోలో సెల్ఫీతో లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చే ఏర్పాటు కూడా వచ్చింది. అంటే మన ముఖచిత్రం తిన్నగా పడటం మీద ఇప్పుడు మన జీవనాధారం కొంత ఆధారపడి ఉంది.

మన సభ్యులలో ఒకరు పరమపదించిన తరువాత ఆయన భార్య ఫ్యామిలీ పెన్షన్ కోసం కాగితాలు పంపవలసి వచ్చింది. కొడుకు దుబాయిలో ఉన్నాడు. ఇంట్లో ఉన్న మనుమరాలు కాగితాలను బల్లమీద పరచి టాబ్లెట్‌తో ఫోటోలు తీసి పంపింది. మరణ ధ్రువపత్రం తలకిందులుగా, జాయింట్ ఫోటో ఉన్న పేజీ పక్కకు, బ్యాంకు పుస్తకం పేజీ సగం తెగి వెళ్లాయి. కొన్ని వారాలకు "పత్రములు చదువ వీలుగా లేవు" అని తిరిగి వచ్చాయి. ఆ అమ్మ నాతో అన్న మాట, "ఆయన పోయినంక ఆయన ఫోటో సుత తలకిందులాయె అన్నా." ఆ కార్యాలయంవారు ఒక్కసారి తిప్పి చూస్తే పోయేదని నా అభిప్రాయం. కాని వారు తిప్పరు గనుక మనమే తిప్పి పంపడం నేర్చుకోవాలి. రెండవసారి కాగితాలు సరిగా వెళ్లాయి, పెన్షన్ మంజూరైంది. మధ్యలో గడిచిన నెలలు మాత్రం ఆమె బాకీలతో నెట్టుకొచ్చింది.

బల్లమీద పరచిన కాగితమే ఎందుకు అడ్డం తిరుగుతుంది? ఇందాక చెప్పిన గుండుదారం సంగతి గుర్తు చేసుకోండి. టాబ్లెట్‌ను పడుకోబెట్టి నేలవైపు చూపి ఫోటో తీస్తే, భూమి ఆకర్షణ దాని వీపువైపు లాగుతుంది. ఏ అంచు పైన, ఏ అంచు కింద అన్నది యంత్రానికి తెలియదు. అంతకుముందు ఎటు పట్టుకున్నారో అదే గుర్తు పెట్టుకొని చీటీలో ఏదో ఒక అంకె వేస్తుంది. కనుక ఫోటో తీసేముందు టాబ్లెట్‌ను ఒకసారి నిలువుగా, గోడ గడియారంవలె, కళ్లెదుట నిలబెట్టి పట్టుకోండి. తరువాత నెమ్మదిగా ముందుకు వంచి, పూర్తిగా పడుకోబెట్టకుండా కొద్ది వాలుగా ఉంచి తీయండి. ఇంకా మేలైనది, కాగితాన్ని రాసుకునే అట్టకు క్లిప్పుతో పెట్టి గోడకు ఆనించి తీయడం. గూగుల్ డ్రైవ్‌లోనూ, ఐపాడ్‌లోని నోట్స్‌లోనూ కాగితాలు స్కాన్ చేసే ఏర్పాటు ఉంది. అది కాగితం అంచులను తానే గుర్తిస్తుంది.

తెర తిరగడం మానేస్తే, ఆండ్రాయిడ్ టాబ్లెట్‌లో పై అంచు నుంచి వేలుతో కిందికి లాగితే చిన్న గుర్తులు వస్తాయి. అందులో ఆటో రొటేట్ అనేదానిని నొక్కితే పని మొదలవుతుంది. పడుకొని పత్రిక చదివేటప్పుడు తెర ఊరికే తిరుగుతూ విసిగిస్తుంటే అదే గుర్తును నొక్కి ఆపండి. ఐపాడ్‌లో కుడివైపు పై మూల నుంచి కిందికి లాగితే తాళం చుట్టూ బాణం ఉన్న గుర్తు కనపడుతుంది. తాళం వేసి ఉంటే తెర తిరగదు, తీస్తే తిరుగుతుంది. కొన్ని యాప్‌లను నిలువుగానే చూడాలని తయారుచేశారు, వాటిని ఎంత తిప్పినా తిరగవు, అది మీ టాబ్లెట్ లోపం కాదు. అన్నీ సరిగా ఉండి కూడా తిరగకపోతే ఒకసారి పూర్తిగా ఆపి మళ్లీ ఆన్ చేయండి. ఈ పాటి దానికి బజారులో రిపేరువాడికి ఇచ్చి రావద్దు, అందులో మీ బ్యాంకు మెసేజీలు ఉంటాయి.

తీసిన బొమ్మ అడ్డంగా ఉంటే, దానిని తెరిచి ఎడిట్ అనే చోట నొక్కండి. వంకర బాణం ఉన్న గుర్తును ఒకసారి నొక్కితే పావు వంతు తిరుగుతుంది. తిన్నగా అయ్యేదాకా నొక్కి సేవ్ చేయండి. పంపవలసింది అలా సేవ్ చేసిన బొమ్మనే. తెరను చేత్తో తిప్పి చూసుకొని "మంచిగనే ఉన్నది" అనుకొని పంపితే అవతల అది పడుకొనే ఉంటుంది. కుడి ఎడమలు మార్చే గుర్తు కూడా ఆ పక్కనే ఉంటుంది, దానిని ముట్టుకోవద్దు. సెల్ఫీ తీసేటప్పుడు తెరమీద అద్దంలో వలె కనపడి, సేవ్ అయిన తరువాత మారినట్టు కనపడితే కంగారు పడకండి. లోకం మనలను చూసేది ఆ రెండవ విధంగానే.

పాత ఫోటోల విషయంలో ఒక జాగ్రత్త. జేపెగ్ పద్ధతిలో బొమ్మను చిన్న చిన్న గళ్లుగా విడగొట్టి, కంటికి అంతగా ఆనని వివరాలు వదిలేసి దాస్తారు. 1992 నుంచి ఇది ప్రమాణంగా ఉంది. చాలా యాప్‌లలో తిప్పి సేవ్ చేసిన ప్రతిసారీ ఆ వదిలేయడం మళ్లీ కొంత జరుగుతుంది. ఒకటి రెండుసార్లకు ఏమీ కాదు. పది చేతులు మారి, పదిసార్లు తిరిగిన ఫోటోలో ముఖాలు మసకబారుతాయి. అందుచేత మొదట ఎక్కించిన ప్రతిని ముట్టకుండా ఒకచోట దాచి, దాని నకలును మాత్రమే తిప్పండి. గ్రూపు ఫోటో అయితే తిన్నగా చేసిన తరువాత, ఎడమ నుంచి కుడికి ఎవరెవరో ఒక కాగితం మీద రాసి, ఆ కాగితాన్ని కూడా ఫోటో తీసి పక్కన పెట్టండి. వెనుక పేర్లు రాసి ఉన్న పాత ఫోటోలకు వెనుకవైపును కూడా ఫోటో తీయాలి. ఆ వెనుకవైపు చేతిరాతలో కార్యాలయం పేరు, తేదీ, కొన్నిటిమీద స్టూడియో ముద్ర ఉంటాయి. 2016 అక్టోబరులో జిల్లాలు విడిపోయిన తరువాత కొన్ని దఫ్తర్ల పాత పేర్లు ఇప్పుడు ఆ ఫోటోల వెనుకనే మిగిలి ఉన్నాయి.